ఉదజని కాటు

హైడ్రోజనుకు తెలుగులో 'ఉదజని' అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, అర్థమెరిగి పెట్టాడు. ఉదకాన్ని పుట్టించేది ఉదజని. 1787లో ఫ్రాన్సు దేశపు రసాయన పండితులు, లవాయిజే ప్రభృతులు, గ్రీకు మాటలు కలిపి కట్టిన 'హైడ్రోజను' అన్న పేరుకు కూడా అదే అర్థం. ప్రాణవాయువుతో కలిసి మండితే నీరైపోతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. వాయువులన్నిటిలోకీ తేలిక. బుడగలో నింపి వదిలితే ఆకాశానికి ఎగిరిపోతుంది.

ఇంత సాధువుగా కనిపించే ఈ వాయువుకు ఒక దుర్గుణం వున్నది. అది లోహాలను కాటు వేస్తుంది. తుప్పు మాదిరిగా పైపైన తినివేయడం కాదు సుమండీ! తుప్పు పడితే కంటికి కనబడుతుంది. గోకి, రంగు పూసి, దాని పని పట్టవచ్చు. ఉదజని సోకిన ఉక్కు ఎప్పటి మాదిరిగానే తళతళలాడుతూ వుంటుంది. మామూలు త్రాసుకు అందే తేడా ఏదీ వుండదు. పది లక్షల పాళ్ల ఉక్కులో ఉదజని నాలుగైదు పాళ్లుంటే చాలు. ఏ గడియలోనో ఫెళ్లుమని రెండు ముక్కలవుతుంది.

నేను కళాశాలలో చెప్పేది ప్రబంధాలూ ఛందస్సూను. లోహశాస్త్రంలో నాకు అధికారం లేదు. అయితే ఒక మాట కనబడితే దాని వెంటబడి ఎంతదూరమైనా పోవడం తెలుగు పంతుళ్లకు వుండే జబ్బు. నన్ను ఇంతదూరం లాక్కువచ్చిన మాట 'పెళుసు'. పెళుసు గాజు అంటాం, పెళుసు మాట అంటాం, పెళుసుబారిన తాటాకు అంటాం. అన్నిచోట్లా భావం ఒకటే: వంగదు, సాగదు, తాకితే విరుగుతుంది.

మేలైన లోహానికి ఈ గుణం వుండదు. కంసాలి బంగారాన్ని వెంట్రుకంత తీగగా సాగదీస్తాడు. ఇనుప చువ్వ మీద బరువు మోపితే ముందు వంగుతుంది, తరవాత సాగుతుంది, నడుము సన్నబడుతుంది, అప్పటికీ మనం వినకపోతే విరుగుతుంది. అంటే తాను మోయలేనని ముందుగా నోటీసు ఇస్తుందన్నమాట. వంతెనలు కట్టేవారూ, యంత్రాలు చేసేవారూ ఈ నోటీసును నమ్ముకునే లెక్కలు వేస్తారు. కుండకూ గాజుకూ నోటీసు ఇచ్చే అలవాటు లేదు. ఉదజని చేసే దుర్మార్గమేమిటంటే, ఉక్కుకు కుండ బుద్ధి పట్టిస్తుంది.

ఈ సంగతి మొదట సక్రమంగా గమనించి చెప్పినవాడు ఇంగ్లండులో మాంచెస్టరు నగరంలోని ఇనుప తీగల వర్తకుడు విలియం జాన్సన్. తీగ లాగేముందు ఇనుము మీది మకిలిని ఆమ్లపు తొట్టిలో ముంచి కడిగివేయడం ఆ వృత్తిలో రోజూ జరిగేదే. అలా ముంచి తీసిన తీగ కొద్ది నిమిషాలలోనే పెళుసుబారడం ఆయన కంటబడింది. విరిగిన చోట తడి చేస్తే సన్నటి బుడగలు పొంగి నురగ కట్టింది! ఆ తీగనే కొన్నాళ్లు వూరక వుంచినా, కాస్త వేడి చూపించినా మళ్లీ మునుపటి గుణం వచ్చింది. మెత్తటి ఇనుముకంటె గట్టి ఉక్కుకే ఈ దోషం ఎక్కువగా పట్టింది. ఆమ్లాలన్నీ ఇట్లా చేయవు, ఉదజనిని పుట్టించే ఆమ్లాలే చేస్తాయి అని కూడా ఆయన గుర్తించి, 1875లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించాడు. ఈనాటికి నూట యాభై ఏళ్లు నిండాయి. ఆయన చూసిన దానిలో తప్పిదమంటూ ఏదీ బయటపడలేదు.

లోపల జరిగేది ఇది. ఉదజని మామూలుగా జంటగా వుంటుంది. రెండు పరమాణువులు చేయి చేయి పట్టుకుని తిరుగుతూ వుంటాయి. జంటగా వున్నంతసేపు లోహంలో దూరలేవు. లోహపు ముఖం తగిలినప్పుడు ఆ జంట విడిపోతుంది. విడిపోయిన ఒంటరి పరమాణువు ఎంత చిన్నదంటే, వరసలు తీరి నిలబడిన ఇనుప పరమాణువుల నడుమ సందుల్లో నుంచి, సంతలో పిల్లవాడు పెద్దల కాళ్ల సందున దూరిపోయినట్టు, లోపలికి వెళ్లిపోతుంది. వెళ్లి ఎక్కడో ఒకచోట వుండిపోదు. లోహం ఎక్కడ ఎక్కువ లాగబడి వుంటుందో, గాటు మొదట్లోనో, సన్నని పగులు కొసనో, అక్కడికి చేరుతుంది. బాగా చేరాక ఆ పగులు కాస్త ముందుకు జరుగుతుంది. మళ్లీ చేరుతుంది, మళ్లీ జరుగుతుంది.

అక్కడ చేరి సరిగ్గా ఏం చేస్తుందనే విషయంలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. పరమాణువుల మధ్య పట్టును సడలిస్తుందని ఒక వర్గం. కాదు, ఆ చిన్న చోట మాత్రమే లోహపు పొరలు సులభంగా జారేటట్టు చేసి, సాగుదలనంతా అక్కడే ఖర్చు పెట్టిస్తుందని ఇంకొక వర్గం. లోహాన్ని బట్టి రెండూ జరుగుతాయని మధ్యస్థులు. ఎడతెగని వివాదాలు కవుల కాలనిర్ణయం దగ్గరే వుంటాయనుకునేవాణ్ణి. ప్రయోగశాలల్లో కూడా వున్నాయని తెలిసి కొంత ఊరట కలిగింది.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు లోహపు పూతల కార్ఖానా పెట్టుకున్నాడు. ఒకసారి వెళితే, జింకు పూత పూసిన బోల్టులను పెద్ద పొయ్యిలో వరసగా పేరుస్తున్నాడు.

"ఏమయ్యా, బోల్టులకు కాపడం పెడుతున్నావా?" అన్నాను.

"గ్యాసు దిగాలండీ మాస్టారూ" అన్నాడు. "పూత తొట్టిలో వుండగా గ్యాసు లోపలికి పోతుందండి. గట్టి బోల్టు అయితే తొట్టిలోంచి తీసిన నాలుగు గంటల లోపల పొయ్యి ఎక్కించాలి. రెండువందల డిగ్రీల దాపున గంటల తరబడి వుంచాలండి."

"వుంచకపోతే?"

"బిగించిననాడు బాగానే వుంటుందండి. మర్నాడో, వారానికో తల ఎగిరిపోతుంది."

జాన్సనుగారి తీగ నేర్పిన పాఠమే అది. ఆ 'మర్నాడో, వారానికో' అన్న మాటలోనే ప్రమాదమంతా వున్నది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండు నగరాలను కలిపే బే వంతెన వున్నది. మన తెలుగు పిల్లలు వేలమంది ఆ తీరాన ఉద్యోగాలు చేస్తున్నారు, ఆ వంతెన మీద ప్రయాణాలు చేస్తున్నారు. దాని తూర్పు భాగాన్ని కొత్తగా కడుతూ, ఒక స్తంభం మీద మూడంగుళాల మందం గల 96 ఉక్కు కడ్డీలను 2013 మార్చిలో బిగించారు. బిగించిన రెండు వారాల లోపల 32 కడ్డీలు తెగిపోయాయి. వంతెన మీద అప్పటికి ఒక్క బండి కూడా నడవలేదు! ఉదజని వల్ల పెళుసుబారడమే కారణమని విచారణలో తేలింది. ఆ కడ్డీల పని చేయడానికి పెద్ద ఉక్కు జీనులు తయారు చేయించి తగిలించవలసి వచ్చింది. అవి నాసిరకపు కడ్డీలనుకునేరు. ఎక్కువ బలం కోసం ఎక్కువ గట్టిపరచిన ఉక్కు అది. గట్టిదనం పెరిగినకొద్దీ ఉదజనికి లొంగడం కూడా పెరుగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉక్కును మించిన లోహాలున్నాయి. విమానాల జెట్ ఇంజన్లలో, ఉక్కు మెత్తబడిపోయే వేడిలో కూడా బిర్రుగా నిలబడడానికి తయారు చేసినవి. వీటిని సూపర్ అల్లాయ్‌లంటారు. ముఖ్యధాతువు సాధారణంగా నికెల్. దానికి క్రోమియం, ఇనుము, నియోబియం, మాలిబ్డినం, టైటానియం, అల్యూమినియం వంటివి ఆయుర్వేద మాత్రలో మూలికల మాదిరిగా పాళ్లెరిగి కలుపుతారు. వీటిలో జగత్ప్రసిద్ధమైనది ఇన్‌కోనెల్ 718. అమెరికాలో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టగా 1962లో దానికి పేటెంటు వచ్చింది. సగానికి పైగా నికెల్, అయిదోవంతు దాకా క్రోమియం, నూటికి అయిదు పాళ్ల నియోబియం. అతుకు చక్కగా పడుతుంది, వేడికి జంకదు, చలికి జంకదు. రాకెట్టు ఇంజన్లు చేసేవారికి అది కామధేనువు.

ఈ కామధేనువును ఉదజని దగ్గర కట్టివేస్తే ఏమవుతుంది? 1960వ దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఈ ప్రశ్న ఎదురైంది. అధిక ఒత్తిడిలో ఉదజనిని నిలవచేసిన ఉక్కు పాత్రలు పగిలాయి. చంద్రయాత్రకూ, ఆ తరవాత స్పేస్ షటిల్‌కూ ఉదజనే ఇంధనం. అందుచేత రాకెట్‌డైన్ సంస్థలో వాల్టర్, చాండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక్కొక్క లోహం నుంచి చిన్న కడ్డీ చేసి, దానికి గాటు పెట్టి, మామూలు గది వేడిలో, వాతావరణపు ఒత్తిడికి సుమారు 680 రెట్ల ఒత్తిడి గల ఉదజనిలో లాగి తెంపి చూశారు. తెగడానికి పట్టిన బలాన్ని బట్టి లోహాలను నాలుగు తరగతులు చేశారు. అల్యూమినియం రకాలు, రాగి, 316 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు పరీక్షలో నెగ్గాయి. ఇన్‌కోనెల్ 718 బలం సగానికంటె దిగింది. రెనే 41 అనే మరొక మేలిరకం సూపర్ అల్లాయ్‌కు నాలుగోవంతే మిగిలింది. బలానికి పేరుపడిన మారేజింగ్ ఉక్కుకు దక్కింది సుమారు ఎనిమిదోవంతు! వంటింట్లో పళ్లేల బంధువులు నెగ్గడమేమిటి, యోధానుయోధులు ఓడడమేమిటి!

ఓడిన లోహాన్ని పక్కన పెడదామంటే వీలులేదు. షటిల్ ఇంజనులోని ఉదజని పంపును తీసుకోండి. ఒకే ఇరుసు మీద ఒక వైపు పంపు, రెండో వైపు టర్బైను. పంపు వైపు ద్రవరూపంలో వున్న ఉదజని, సున్నాకు దిగువన 253 డిగ్రీల చలిలో. టర్బైను వైపు సుమారు 700 డిగ్రీల వేడిలో ఉదజనీ ఆవిరీ కలిసిన సెగ. నిమిషానికి 35 వేల చుట్లు. సుమారు 70 వేల గుర్రాల శక్తి. టర్బైను చక్రం అంచున బొటనవేలంత రెక్కలుంటాయి. ఒక్కొక్క రెక్క ఒక మోటారు కారు ఇంజనుకంటె ఎక్కువ శక్తిని అందుకుంటుంది. ఇదంతా మనిషి ఎత్తు లేని యంత్రంలో. దీన్ని అల్యూమినియంతో చేస్తే టర్బైను కరిగిపోతుంది. మామూలు ఉక్కుతో చేస్తే చలి వైపు పగిలిపోతుంది. సూపర్ అల్లాయ్ తప్ప గతి లేదు, దానికేమో ఉదజని పడదు.

ఇక్కడ చలిని గురించి ఒక ముక్క చెప్పాలి. చలికి పెళుసుబారడం వేరు, ఉదజనికి పెళుసుబారడం వేరు. ఈ రెంటినీ కలిపివేయడం సులభం. మామూలు ఉక్కు చలికే పెళుసుబారుతుంది. 1943 జనవరి 16న అమెరికాలో ఆరెగన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ రేవులో, నిశ్చలమైన నీటిలో కట్టివున్న స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ నడిమికి రెండుగా పగిలింది. తుపాను లేదు, బాంబు లేదు. చలీ, అతుకుల దగ్గరి లోపాలూ కలిసి చేసిన పని అది. నికెల్, రాగి, అల్యూమినియం పరమాణువుల పేర్పు వేరు. వాటికి ఈ చలిపెళుసు లేదు. చలి పెరిగినకొద్దీ బలం పెరుగుతుందే గాని సాగే గుణం చావదు. అందుకే ద్రవ ఉదజనిని నింపే తొట్లను అల్యూమినియం మిశ్రలోహాలతోనూ, పంపు భాగాలను నికెల్ సూపర్ అల్లాయ్‌లతోనూ చేస్తారు.

మరి అంత చలిలో, నిండా ఉదజనిలో మునిగివున్న సూపర్ అల్లాయ్ సంగతి? చలి ఒక శత్రువు, ఉదజని ఒక శత్రువు, ఇద్దరూ చేతులు కలిపితే ఇంకేముంది అనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గర బయటి ఉదజని కాటు దాదాపు కనబడదు. కారణం చెప్పుకుంటే తేలిక. జంట విడిపోవడానికి కొంత వేడి కావాలి. విడిపోయిన పరమాణువు లోహంలో నడిచి పగులు కొసకు చేరడానికీ వేడే కావాలి. ఆ చలిలో జంట విడిపోదు, విడిపోయినా అడుగు తీసి అడుగు వేయలేదు. మాఘమాసపు చలిలో పాము పుట్టలో ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది. బాగా వేడెక్కినప్పుడు మళ్లీ ఇంకొక చిత్రం: అప్పుడు పరమాణువులు ఒకచోట నిలవక ఇటూ అటూ పరుగులెత్తుతాయి, పగులు కొసన పోగుపడవు. అందుచేత నికెల్ రకాలకు గండం ఎక్కువగా నడిమధ్యన, మనమూ మీరూ హాయిగా కూర్చునే గది వేడి ప్రాంతంలో వున్నది. కొన్ని స్టెయిన్‌లెస్ ఉక్కులకు అది సున్నాకు దిగువన యాభై, డెబ్భై డిగ్రీల వైపు జరుగుతుంది.

దీన్ని బట్టి పంపు ఎప్పుడు జాగ్రత్తగా చూసుకోవలసిన స్థితిలో వుంటుందో గ్రహించవచ్చు. గడ్డకట్టే చలిలో నిలకడగా నడుస్తున్నప్పుడు చలి వైపు భాగాలకు అంత భయం లేదు. ఇంజను మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ, చలి నుంచి వేడికీ వేడి నుంచి చలికీ దాటుతూ ప్రతి భాగమూ ఆ నడిమి గండాన్ని దాటిపోవాలి. అప్పుడే లోహం మీద ఈడ్పు కూడా ఎక్కువ. వేడి వైపు ఇంకొక చిక్కు వున్నది: వేడిలో ఉదజని లోహంలోకి ధారాళంగా జొరబడుతుంది, చల్లారేటప్పటికి లోపల చిక్కుపడి వుంటుంది.

లోపల చిక్కుపడినది చలిలో పూర్తిగా నిద్రపోతుందా అంటే, పోదు. 2018లో అమెరికా పరిశోధకులు ఒక ముచ్చటైన ప్రయోగ ఫలితం ప్రచురించారు. నికెల్ కడ్డీలకు ముందే ఉదజని ఎక్కించి, ద్రవ నత్రజని చలిలో, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర, లాగి తెంపారు. ఆ చలిలో ఉదజని కదలలేదు. అయినా ఉదజని లేని కడ్డీకంటె తక్కువ సాగి, స్ఫటికపు గింజల సరిహద్దుల వెంబడి పగిలింది. గది వేడిలో జరిగేంత నష్టం జరగలేదు గాని నష్టమైతే జరిగింది. గింజల సరిహద్దుల్లో అంతకుముందే కాపురం పెట్టిన ఉదజనికి కొత్తగా నడిచి రావలసిన అవసరమేమున్నది? బయటినుంచి వచ్చే దొంగను చలి ఆపుతుంది. ఇంట్లో వున్న దొంగను ఆపలేదు. ఒకసారి ఎగిరి పారవేసే రాకెట్టుకు ఇది పెద్ద బెడద కాదేమో గాని, షటిల్ ఇంజను మాదిరిగా మళ్లీ మళ్లీ వాడుకునే యంత్రానికి ప్రతి ప్రయాణమూ లెక్కలోకి వస్తుంది.

దీనికి ఇంజనీర్లు పన్నిన ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది బంగారం. టర్బైను చక్రానికీ మరికొన్ని భాగాలకూ బంగారు పూత పూశారు, మరికొన్నిటికి రాగి. విలాసానికి కాదు. బంగారపు ముఖం మీద ఉదజని జంట సులభంగా విడిపోదు, పూతలోంచి లోపలికి నడవడమూ కష్టం. మన గుడి గోపురపు కలశానికి బంగారు రేకు తాపడం చేసినట్టు, సూపర్ అల్లాయ్‌కు తాపడం చేశారన్నమాట. ఇన్‌కోనెల్ 718 మీద ఉదజని తగిలే చోట్ల ఇన్‌కొలాయ్ 903 అనే, ఉదజనికి కొంత ఓర్చుకునే లోహాన్ని అతుకు వేసి పరిచారు. మంట మండే గదికి లోపొర రాగి. దానిలో కొంచెం వెండి, జిర్కోనియం. తరవాత 1990వ దశకంలో నాసావారు ఉదజనికి ఓర్చుకోవడమే ముఖ్యలక్షణంగా హెచ్.ఆర్.-1 అనే కొత్త సూపర్ అల్లాయ్‌ను తయారు చేసుకున్నారు. 718కే కాచే పద్ధతి మార్చి మేలు చేయవచ్చు: కొన్ని వేడిమి స్థాయిలలో ఎక్కువసేపు వుంచితే గింజల సరిహద్దుల్లో నికెల్, నియోబియం కలిసి సన్నటి పలకలు కడతాయి, ఉదజని సోకితే పగులు ఆ పలకల వెంబడే పరుగెడుతుంది. అవి కట్టకుండా కాచడం ఒక విద్య. మందు మంచిదైనా పాకం చెడితే విషమని మన వైద్యులు అనేది ఇటువంటిదే.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవడానికి వీల్లేదు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే పెద్ద రాకెట్లకు పై అంతస్తులో ఉదజనే ఇంధనం. ఈ విద్య మనకు ఎవరూ ఇవ్వలేదు. 1991లో రష్యాతో ఒప్పందం కుదిరితే, అమెరికా ఆంక్షల తరవాత 1993లో రష్యా ఇంజన్లు ఇస్తానన్నదే గాని విద్య ఇవ్వనన్నది. మనవాళ్లు సొంతంగా చేసిన మొదటి క్రయోజనిక్ అంతస్తు 2010 ఏప్రిల్ 15న జి.ఎస్.ఎల్.వి.-డి3 రాకెట్టులో ఎగిరింది. ఇంజను అంటుకున్నది. ద్రవ ఉదజనిని ముందుకు తోసే చిన్న సహాయ పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగాన్ని అందుకున్నది. సెకనులో తొమ్మిది పదోవంతులు గడిచేసరికి వేగం తగ్గడం మొదలై, ఇంకొక ఆరు పదోవంతుల్లో పంపు ఆగిపోయింది. ఇంజనుకు ఉదజని అందలేదు. రాకెట్టు బంగాళాఖాతం పాలైంది. ఏళ్ల శ్రమ ఒకటిన్నర సెకనులో! సీలు దగ్గర ఇరుసు బిగుసుకుపోయి వుండవచ్చు, లేదా ఒత్తిడీ వేడిమి మార్పులూ కలిసి టర్బైను తొడుగు పగిలి వుండవచ్చునని విచారణలో చెప్పారు. అది ఉదజని కాటు అని వారు అనలేదు. నేనూ అనడం లేదు. అయితే ఆ చలిలో, ఆ వేగంలో, లోహం నడిచే బాట ఎంత ఇరుకైనదో దాన్ని బట్టి తెలుస్తుంది.

అదే రాకెట్టుకు 2013 ఆగస్టు 19న ఇంకొక ఆటంకం వచ్చింది. ప్రయోగానికి 74 నిమిషాల ముందు, క్రయోజనిక్ అంతస్తుతో సంబంధం లేని రెండో అంతస్తులో ఇంధనం కారడం కనిపించి ఆపివేశారు. తొట్టి చేసిన అల్యూమినియం రకం, 7020 అంటారు, ఈడ్పులో వుండి వుండి పగిలే స్వభావం గలది. ఎండిన ఉదజని వాయువుకు అల్యూమినియం లొంగదని పైన చెప్పాను. తేమ సంగతి వేరు. ఆ జాతి అల్యూమినియం తేమతో చర్య జరిపి తన ముఖం మీద తానే ఉదజనిని పుట్టించుకుంటుంది, పగుళ్లలో దానికి వాటా వున్నదని చాలామంది లోహశాస్త్రజ్ఞులు చెబుతారు. తొట్టిని 2219 రకం అల్యూమినియంతో మార్చారు. 2014 జనవరి 5న రాకెట్టు ఎగిరింది. మన క్రయోజనిక్ ఇంజను మొదటిసారి సక్రమంగా పని పూర్తి చేసింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను పైకి పంపిన ఎల్.వి.ఎం.-3కి పై అంతస్తులో వున్నది అంతకంటె పెద్దదైన సి.ఇ.-20 ఇంజను. దానిలో కూడా టర్బైనులను తిప్పేది ఉదజని పాలు ఎక్కువగా వున్న సెగే.

ఇటువంటి సూపర్ అల్లాయ్‌లను మన దేశంలో పోత పోసే చోటు హైదరాబాదులోని మిశ్రధాతు నిగం, 1973లో స్థాపించినది. సంస్కృతంలో ఇంత నిక్కచ్చిగా పేరు పెట్టుకున్న సర్కారు సంస్థలు అరుదు. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంతస్తు తొడుగుకు కావలసిన మారేజింగ్ ఉక్కు కూడా అక్కడిదే. రాకెట్‌డైన్ పరీక్షలో ఎనిమిదోవంతుకు దిగిపోయిన జాతి అదే! కాని ఆ తొడుగులో ఘన ఇంధనం వుంటుంది, ఉదజని వాయువు వుండదు. ఎక్కడ దేన్ని కూర్చోబెట్టాలో తెలియడమే సగం లోహశాస్త్రమని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఉదజని రాకెట్లను వదిలి వీధుల్లోకి రాబోతున్నది. విశాఖపట్నం దగ్గర పూడిమడకలో పచ్చ ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పొగలేని ఇంధనం, మంచిదే. రాకెట్టులోని ఉదజని 253 డిగ్రీల చలిలో ముడుచుకుని వుంటుంది. కార్లకు ఎక్కించే ఉదజని మాత్రం మన విశాఖ ఎండలో, వాతావరణానికి 700 రెట్ల ఒత్తిడిలో వుండేది. వాల్టర్, చాండ్లర్ పరీక్ష పెట్టిన ఒత్తిడి దాదాపు అదే, వేడీ దాదాపు అదే. అందుకనే ఆ కార్ల తొట్లను ఉక్కుతో చేయడం లేదు. లోపొర ప్లాస్టికో అల్యూమినియమో, దానిమీద బొగ్గుపీచు చుట్ట. గొట్టాలకూ బిగింపులకూ 316 జాతి స్టెయిన్‌లెస్ ఉక్కు. ఆ కార్ల దుకాణంలో అమ్మేవాణ్ణి ఎవరినైనా ఈ సంగతి అడిగి చూడండి. రంగుల సంగతి చెబుతాడు.